ఒక పూట ఆయువు

సపోటాలో, బొప్పాయో కొందామని బండి దగ్గర ఆగితే అమ్మేవాళ్ళు ముందు ఒక మాట అడుగుతారు. "ఇవాళ్టికా అమ్మా, ఎల్లుండికా?" మనం జవాబు చెప్పేలోపే వాళ్ళ చెయ్యి కుప్పలోకి వెళ్ళిపోతుంది. ఇవాళ్టికైతే ఒక కాయ, ఎల్లుండికైతే మరొకటి. మన కంటికి రెండూ ఒకలాగే ఉంటాయి. వాళ్ళు మాత్రం తొడిమ దగ్గర బొటనవేలితో అలా ఒక్కసారి అదిమి, ఎప్పటికి పండుతుందో చెప్పేస్తారు. ఇంటికి తెచ్చాక చూస్తే చెప్పింది చెప్పినట్టే అవుతుంది. తేడా వచ్చిందంటే పిల్లలు ఆగలేక ముందే కోసేసి ఉంటారు.

మైలాపూరు మాడవీధుల్లోనూ ఇదే మాట, పెరంబూరు సందుల్లోనూ ఇదే మాట. ఈ విద్య ఏ బడిలోనూ చెప్పరు. చిన్నప్పుడు తల్లి పక్కన గోనెపట్టా మీద కూచుని, కాయలు ఏరుతూ ఏరుతూ వేళ్ళకు పట్టుబడిన విద్య అది.

బియ్యానికి ఇంత తొందర లేదు. పైగా పాతబడేకొద్దీ దాని విలువ పెరుగుతుంది. కందిపప్పు డబ్బాలో నెలలు ఉంటుంది, చింతపండు జాడీలో ఏడాది ఉంటుంది. కూరగాయకు మాత్రం తీగ నుంచి తెంపిన దగ్గర్నుంచీ రోజులు లెక్కే. తోటకూర కట్ట సాయంత్రానికి తల వాల్చేస్తుంది. టమాటా నాలుగైదు రోజులు ఓర్చుకుంటుంది. ఒక్క గుమ్మడికాయ మాత్రం ఇంటి పెద్దలా అటక మీద నెలల తరబడి నిమ్మళంగా కూచుంటుంది.

పండ్లు, కూరగాయల రంగానికి ప్రభుత్వ ప్రోత్సాహం అని పత్రికల్లో తరచూ చదువుతుంటాం. చదవగానే కోట్లూ టన్నులూ శాతాలూ కళ్ళముందు కదులుతాయి. అంకెలూ కావాలి, కాదనం. వాటిని కాసేపు పక్కకు జరిపి చూస్తే మాత్రం, ఆ సాయమంతా ఏదో ఒక రూపంలో కాయకో, దాన్ని నమ్ముకున్న మనిషికో ఇంకో పూట గడువు సంపాదించిపెట్టే ప్రయత్నంగానే తోస్తుంది.

చెన్నైలో అరవై దాటిన తెలుగువాళ్ళను కదిపితే కొత్తవాల్ చావడి కబుర్లు వస్తాయి. జార్జ్‌టౌన్ ఇరుకు సందుల్లోని ఆ మార్కెట్ మన ఆర్యవైశ్యుల ధర్మసంస్థ అయిన శ్రీ కన్యకా పరమేశ్వరి దేవస్థానం వారిది. ఒకపక్క అమ్మవారి గుడి, మరోపక్క ఊరంతటికీ సరిపడా కూరగాయలు. కొబ్బరికాయ కొట్టి తీర్థం పుచ్చుకుని బయటికొస్తే చేతిలోకి కాకరకాయలు. పుణ్యం, పురుషార్థం ఒకే సందులో దొరికేవి.

పెళ్ళివారి కూరగాయలకు అక్కడికే వెళ్ళేవారు. ముందు వంటాయన నడిచేవాడు, వెనక సంచీ పట్టుకుని పెళ్ళికూతురి తండ్రి. పొద్దున నాలుగింటికి, చలికి తలగుడ్డ చుట్టుకుని, కుళ్ళిన క్యాబేజీ ఆకుల మీద కాలు జారకుండా ఒకరి భుజం ఒకరు పట్టుకుంటూ. వంటాయన బెండకాయ కొన విరిచి చూసేవాడు. గోరుచిక్కుడు గోటితో నొక్కేవాడు. కొబ్బరికాయ చెవి దగ్గర ఆడించి నీళ్ళ చప్పుడు వినేవాడు. పెదవి విరిచి "ఇది రేపటి దాకా ఆగదు బాబూ" అన్నాడంటే ఆ బుట్ట కొనే ప్రసక్తి లేదు. డబ్బులు తండ్రివి, మాట మాత్రం వంటాయనది.

ఆ సందుల్లోకి లారీలు పట్టడమే గగనం. లారీ దూరంగా ఆగితే, అక్కణ్ణుంచి తోపుడు బండ్ల మీదా నెత్తుల మీదా సరుకు లోపలికి చేరాలి. ఊరు పెరిగింది, సందు పెరగలేదు. వానాకాలంలో బురద, ఎండాకాలంలో వాసన. సరుకు తోటలో గడిపిన సమయం కంటే మార్కెట్ గుమ్మంలో గడిపిన సమయం ఎక్కువేమో అనిపించేదట.

1996లో మార్కెట్ కోయంబేడుకు తరలింది. చెన్నై మహానగర అభివృద్ధి సంస్థ 295 ఎకరాలు సేకరించి, వేలాది దుకాణాలతో కట్టించిన సముదాయం అది. సంతోషంగా వెళ్ళినవాళ్ళు తక్కువే. అప్పట్లో కోయంబేడంటే ఊరి చివర. తాతల నాటి గల్లాపెట్టె, గుడి గంట, ఎదురు దుకాణం వాడితో ఏళ్ళ తరబడి సాగిన పేచీ, అన్నీ వదిలేసి ఎక్కడికో పొమ్మంటే మనసొప్పుతుందా? ఇప్పుడు ఆ కోయంబేడే ఊరి నడిబొడ్డయింది. 2015లో చెన్నైలో మొదటి మెట్రో రైలు నడిచింది ఆలందూరు నుంచి కోయంబేడుకే. పక్కనున్న పెద్ద బస్టాండు నుంచి దక్షిణాదికి వెళ్ళే బస్సులు 2023 చివర నుంచి కిలాంబాక్కానికి మారిపోయాయి. మార్కెట్ మాత్రం ఉన్నచోటే ఉంది.

అర్ధరాత్రి దాటాక ఒకసారి అక్కడికి వెళ్ళి చూడాలి. ఊరంతా నిద్రపోతున్న వేళ అక్కడ పట్టపగలు. మదనపల్లె, పలమనేరు, కోలారు వైపు నుంచి టమాటా పెట్టెలు. ఒడ్డన్‌ఛత్రం నుంచి మునక్కాయల కట్టలు. ఊటీ కొండల నుంచి మట్టి కూడా ఆరని కేరట్లు. నాసిక్ నుంచి ఉల్లిపాయల బస్తాలు. లారీ నంబరు పలకలు చదువుకుంటూ పోతే సగం దేశం తిరిగొచ్చినట్టే. తమిళంతో పాటు తెలుగూ కన్నడమూ ఆ దీపాల వెలుగులో కలిసిపోతాయి. బేరం కుదరాల్సి వస్తే భాష ఎవరికీ అడ్డం కాదు.

హమాలీలు ఆగరు. "వళి, వళి" అని దారి ఇమ్మంటూ, నెత్తిన బస్తాతో సాగిపోతూనే ఉంటారు. వాళ్ళకు అడ్డం వస్తే ఎంతటివారైనా పక్కకు తప్పుకోవలసిందే. తెల్లవారుజామున మూడింటికల్లా వీధి వ్యాపారులు దిగుతారు. నలుగురైదుగురు కలిసి ఒక టాటా ఏస్ మాట్లాడుకుంటారు. ఆ బండిని ఇక్కడ ముద్దుగా "కుట్టి యానై" అంటారు, అంటే గున్న ఏనుగు. వెనక సరుకు, సరుకు మీద ఆడవాళ్ళు. వాళ్ళలో ఒకావిడ కొత్తిమీర మోపు ఒళ్ళో పెట్టుకుని, దాని మీద తడిగుడ్డ కప్పి, దారి పొడవునా కునికిపాట్లు పడుతూనే ఆ గుడ్డ జారకుండా చూసుకుంటుంది. పాల ప్యాకెట్టు కోసం మనం తలుపు తీసేసరికి ఆ కొత్తిమీర మన వీధి చివర ఉంటుంది.

పొద్దున్న కిలో ఇంత అని చెప్పిన ధర మధ్యాహ్నానికి కాస్త దిగుతుంది. పొద్దు గుంకే వేళకు తక్కెడే పక్కకు పోతుంది. మిగిలినవాటిని పోగులు పెట్టి "పోగు ఇరవై" అంటారు. ఆ పోగు కోసం ఎదురుచూసేవాళ్ళు ఉన్నారు. పని దిగి ఇంటికి వెళ్తూ, ఆ పూట కూరకు ఆ పోగు చాలనుకునే తల్లులు. వాడిన వంకాయలోనూ కూరకు పనికొచ్చే భాగం ఎంతో వాళ్ళకు తెలుసు. అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ ఒకరి అవసరం ఒకరికి తెలిసినట్టు బేరమాడకుండానే ఇచ్చిపుచ్చుకుంటారు.

కొసరు సంగతి చెప్పకపోతే ఈ కథ పూర్తవదు. కూరలన్నీ తూచి సంచిలో పోశాక, అడక్కుండానే ఒక కరివేపాకు రెమ్మ, నాలుగు కొత్తిమీర కాడలు పైన పడతాయి. లెక్కకు అందని సరుకు అది. ఇప్పుడు ఫోన్లో ఆర్డరు పెడితే పది నిమిషాల్లో కూరగాయలు గుమ్మంలో ఉంటున్నాయి. కరివేపాకు కూడా వస్తుంది, బిల్లులో ఒక వరుసగా. సౌకర్యాన్ని తప్పు పట్టలేం. కాలు నొప్పి ఉన్న పెద్దవాళ్ళకు అది వరమే. అయినా ఆ రెమ్మ ఎందుకో గుర్తొస్తుంది.

2020 మే నెల ఈ నగరం అంత తేలిగ్గా మరిచిపోయేది కాదు. కోయంబేడులో కరోనా కేసులు పెరిగి, మే 5న మార్కెట్ మూసేశారు. హోల్‌సేల్ కూరగాయలు తిరుమళిశైకి, పండ్లు మాధవరానికి, పూలు వానగరానికి మారాయి. అప్పటిదాకా కోయంబేడంటే ట్రాఫిక్కు తప్ప ఇంకేమీ గుర్తురాని మనబోటివాళ్ళకు, మన పళ్ళెంలోకి కూర ఎక్కణ్ణుంచి వస్తోందో అప్పుడు తెలిసొచ్చింది. తిరుమళిశైలో రాత్రికి రాత్రి వేసిన షెడ్లు. వాన పడితే బురద, బురదలో బస్తాలు. తడిసిన సరుకు ఆగదు, కొనేవాళ్ళు రారు. ఆ ఏడాది సెప్టెంబరు 28న కోయంబేడు మళ్ళీ తెరుచుకుంది. తలమీద ఒక కప్పు, కాళ్ళకింద సిమెంటు నేల ఉండడం కూరగాయకు ఎంత పెద్ద సాయమో ఆ నాలుగైదు నెలలు చూపించాయి.

టమాటా కథ వేరు. చెన్నై పులుసులోకీ రసంలోకీ వచ్చే టమాటాలో పెద్ద వాటా మన మదనపల్లె వైపుదే. ఒక్కోసారి అక్కడ కిలో ఒకటి రెండు రూపాయలకు పడిపోతుంది. కోత కూలీ కూడా రాదని రైతు కాయను చేలోనే వదిలేస్తాడు, లేదా రోడ్డు పక్కన పారబోస్తాడు. మరో ఏడాది అదే టమాటా కొండెక్కి కూచుంటుంది. 2023 జూలైలో అలాగే అయింది. అప్పుడు తమిళనాడు ప్రభుత్వం చెన్నైలో 82 రేషన్ దుకాణాల్లో కిలో 60 రూపాయలకు టమాటా అమ్మించింది.

బియ్యం, చక్కెర, కిరసనాయిలు కోసం నిలబడిన వరుసలు చూశాం. టమాటా కోసం నిలబడడం కొత్త. చేతిలో రేషన్ కార్డు, చంకలో సంచి. ముందున్నాయన వెనకాయనతో "రసం పెట్టి ఎన్నాళ్ళయింది?" అంటే వరుసంతా నవ్వింది. టమాటా లేకుండా చింతపండుతో మాత్రమే చేసే పాత వంటలు గుర్తుచేసుకుంది ఒక పెద్దావిడ. మునుపు అందరి ఇళ్ళలోనూ అంతే కదా, టమాటా వచ్చి ఎన్నాళ్ళని? అంతలో దుకాణంలోంచి ఒక పెట్టె బయటికొచ్చింది. కబుర్లు ఆగి, వరుస ఒక్కడుగు ముందుకు జరిగింది. ఆ రోజుల్లో మదనపల్లె దగ్గర ఎవరో ఒక రైతు ఇంట, చాన్నాళ్ళ తర్వాత, పాత అప్పు తీరే ఉంటుంది. మనకు చేదైన ఏడాది అతనికి తీపి. రెండు సంతోషాలూ ఒకే ఏడాదిలో కుదరడం లేదెందుకో.

దాన్ని కుదర్చాలనే కాబోలు, 2018 బడ్జెట్ ప్రసంగంలో ఆర్థికమంత్రి అరుణ్ జైట్లీ టమాటా, ఉల్లి, బంగాళదుంపల పేరెత్తి, పాల ఉత్పత్తికి ఆపరేషన్ ఫ్లడ్ చేసినట్టుగా వీటికీ ఆపరేషన్ గ్రీన్స్ అన్నారు. 500 కోట్ల రూపాయలు కేటాయించారు. ఆ తర్వాత మిగతా కూరగాయలకూ పండ్లకూ విస్తరించారు. 2020 సెప్టెంబరు 9న అనంతపురం నుంచి ఢిల్లీకి కిసాన్ రైలు కదిలింది. చీనీకాయలూ అరటీ బొప్పాయీ టమాటా రైలెక్కి ఉత్తరాదికి వెళ్ళాయి. వానకు నోచుకోని అనంతపురం నేల పండించిన పండు ఢిల్లీ దాకా కుళ్ళకుండా వెళ్ళిందంటే, ఆ వార్త చదివిన అనంతపురం వాళ్ళెవరికైనా ఛాతీ కాస్త ఉబ్బే ఉంటుంది.

ఇవన్నీ రాకముందు కూడా మన ఇళ్ళలో ఒక ఏర్పాటు ఉండేది. దానికి పేరూ లేదు, పథకమూ లేదు. కాయ చవగ్గా వచ్చిన రోజున ఇంటిల్లిపాదీ పనిలో దిగేవాళ్ళు. టమాటాలు ముక్కలు కోసి ఉప్పు కలిపి, మేడ మీద చీర పరిచి ఎండబెట్టడం. మామిడి వరుగులు, గోరుచిక్కుడు వరుగులు, గుమ్మడి వడియాలు, మజ్జిగ మిరపకాయలు. కాకులను తోలడానికి ఒక పిల్లవాణ్ణి కర్రతో కూచోబెట్టేవారు. కాకి ముట్టినవాటి కంటే ఆ పిల్లవాడు తిన్నవే ఎక్కువుండేవి. సాయంత్రం చీర మడతలోంచి లెక్క తగ్గినా అమ్మమ్మ ఏమీ అనేది కాదు. వానాకాలంలో కూర లేని రోజున ఆ డబ్బా మూత తీస్తే ఎండాకాలం వాసన గుప్పుమనేది.

ఇప్పుడు అదే పనికి ప్రభుత్వం అప్పిస్తోంది, రాయితీ ఇస్తోంది. చిన్న ఆహార పరిశ్రమల కోసం 2020లో వచ్చిన పథకంలో పెట్టుబడిలో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా సాయం దొరుకుతుంది. పచ్చళ్ళూ పొడులూ వడియాలూ చేసే మహిళా సంఘాలు దీన్ని వాడుకుంటున్నాయి. అమ్మమ్మ చేతి ఆవకాయకు లేబులు, గడువు తేదీ వచ్చాయి. గడువు తేదీ చూస్తే అమ్మమ్మ నవ్వేదేమో. ఆవిడ జాడీకి గడువు మళ్ళీ మామిడికాయ వచ్చేదాకా.

మామిడి అన్నాక బంగినపల్లి తలుచుకోకుండా ఉండలేం. 2017లో దానికి ఆంధ్రప్రదేశ్ పేరు మీద భౌగోళిక గుర్తింపు వచ్చింది. వేసవిలో కోయంబేడు పండ్ల అంగళ్ళలో ఇమాం పసంద్, రుమానీ, సెందూరా, మల్గోవా ఎన్ని ఉన్నా, తెలుగువాళ్ళ కళ్ళు దానికోసమే వెతుకుతాయి. మునుపు తోట నుంచి పచ్చికాయలే బస్తాల్లో ఇంటికొచ్చేవి. ఒక గదిలో వరిగడ్డి పరిచి, కాయకు కాయ తగలకుండా పేర్చి, మళ్ళీ గడ్డి కప్పి మాగేసేవారు. ఆ గది తలుపు తీయకూడదు. పిల్లలు తీసేవాళ్ళు. రోజూ పొద్దున తాతయ్య లోపలికి వెళ్ళి, ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, ఆ రోజు పండినవి మాత్రమే ఏరి తెచ్చేవాడు. మిగతావి రేపు. ఎంత మారాం చేసినా రేపే.

ఆ రేపటి దాకా ఆగలేకే కార్బైడ్ వచ్చిపడింది. పైకి పసుపు రంగు, లోపల పులుపు. ఆరోగ్యానికి చేటని చట్టం దాన్ని నిషేధించింది. బదులుగా ఎథిలీన్ వాయువుతో పండించే గదులను అనుమతించారు, వాటి నిర్మాణానికి రాయితీలూ ఇస్తున్నారు. కాయ తనంతట తాను పండేటప్పుడు విడుదల చేసేది కూడా ఎథిలీనే. గడ్డి కప్పిన గదిలో తాతయ్యకు తెలియకుండానే అదే పని చేసేది.

2025 వేసవిలో చిత్తూరు జిల్లా తోతాపురి రైతులు మరో రకంగా ఆగవలసి వచ్చింది. దిగుబడి బాగుంది, ధర లేదు. గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. కాయల మీద పట్టా కప్పి, ట్రాక్టరు కింద నీడలో పడుకుని, పిలుపు కోసం ఎదురుచూశారు. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, దానికి తాను 4 రూపాయలు కలుపుతానని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చెప్పింది. నాలుగు రూపాయలు పట్నవాసికి చిల్లర. ట్రాక్టరు నిండా పండుతున్న కాయలతో రోడ్డు మీద రాత్రి గడిపిన మనిషికి అది పిల్లల ఫీజు.

రైతుకు ధర దక్కించే ప్రయత్నాల్లో 1999 నాటి సంగతి ఒకటి. ఆ జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతు బజార్లు మొదలయ్యాయి. అదే ఏడాది నవంబరు 14న మధురైలో ముఖ్యమంత్రి కరుణానిధి ఉళవర్ సందై, అంటే రైతుల సంత, ప్రారంభించారు. ఇరుగుపొరుగు రాష్ట్రాలు ఒకే ఏడాది ఒకే పని చేశాయి. వాటి లాభనష్టాల లెక్కలు నిపుణులు చూసుకుంటారు. కొనేవాడికీ పండించినవాడికీ మధ్య ఒక్క బుట్ట మాత్రమే ఉండడం మాత్రం గమ్మత్తుగా ఉంటుంది. "ఏమన్నా, ఈసారి వంకాయ సన్నగా ఉందే?" అంటే "వానల్లేవు కదమ్మా" అని ఆకాశం చూపిస్తాడు. మనం కూడా పైకి చూస్తాం. పట్నంలో వాన గురించి మనం అడిగే ప్రశ్న సాధారణంగా గొడుగు గురించే.

చెన్నైలో ఈమధ్య మేడల మీద తోటలు పెరిగాయి. తమిళనాడు ఉద్యానశాఖ కొన్నేళ్ళుగా రాయితీ ధరకు సామాను ఇస్తోంది: మొక్కలు పెంచే సంచులు, కొబ్బరిపొట్టు ఇటుకలు, విత్తనాల పొట్లాలు. ఉద్యోగం విరమించిన పెద్దమనుషులు పొద్దున్నే లుంగీ ఎగ్గట్టి బకెట్టుతో మెట్లెక్కుతున్నారు. విత్తు వేసిన నాటి నుంచి రోజూ రెండుసార్లు చూస్తారు. మొలక వస్తే ఫోటో. పూత వస్తే ఫోటో. ఒక్క కాకరకాయ కాస్తే అమెరికాలో ఉన్న మనవరాలికి వీడియో. ఆ కాకరకాయను కోయడానికి ఇంట్లో ఎవరికీ చేతులు రావు. చివరికి అది ముదిరి, పండి, ఎర్రటి గింజలు బయటపెట్టాక గాని తెంపరు.

ఖర్చు లెక్కేస్తే ఆ కాకరకాయ బంగారం ధర పలుకుతుంది. దాన్ని పండించిన పెద్దమనిషి మర్నాడు వీధిలో కాకరకాయలమ్మే ఆవిడతో బేరం చేయబోయి, ఎందుకో మధ్యలో ఆపి, చెప్పిన ధరకే తీసుకోవడం కద్దు.

ఇక ఆ అమ్మేవాళ్ళ రోజు ఎలా మొదలవుతుందో చూద్దాం. కోయంబేడు వెళ్ళడానికి చేతిలో పైకం కావాలి. నిన్నటి అమ్మకం నిన్నటి ఇంటి ఖర్చుకే సరిపోయింది. తెల్లవారకముందే ఒకాయన మోటారు సైకిల్ మీద వస్తాడు. 900 రూపాయలు చేతిలో పెడతాడు. సాయంత్రం వచ్చి 1000 పట్టుకుపోతాడు. కూరగాయల్లాగే ఆ అప్పుకూ ఒక్క రోజే ఆయువు. మధ్యాహ్నం వానొచ్చి కొనేవాళ్ళు రాకపోయినా, బెండకాయలు ముదిరిపోయినా, సాయంత్రం ఆ మోటారు సైకిల్ చప్పుడు మాత్రం వేళకే వినిపిస్తుంది. రెక్కాడితే గాని డొక్కాడని బతుకుల్లో ఆ వంద రూపాయలే ఇంటి పాల ఖర్చు, పిల్లాడి నోటుపుస్తకం.

అందుకే ఇన్ని పథకాల్లోకీ 2020 జూన్‌లో వీధి వ్యాపారుల కోసం వచ్చిన పీఎం స్వనిధి మనసుకు దగ్గరగా అనిపిస్తుంది. పూచీకత్తు లేకుండా బ్యాంకు 10,000 రూపాయలు అప్పిచ్చేది. ఏడాదిలో నెలనెలా కట్టుకోవచ్చు. పదివేలు పెద్ద మొత్తమేమీ కాదు. కానీ ఒక్క రోజు గడువు మీద బతుకుతున్న మనిషికి ఏడాది గడువు దొరికింది. వేళకు తీర్చినవాళ్ళకు మళ్ళీ ఇంకాస్త పెద్ద అప్పు.

కొందరికి అందింది. చాలామందికి ఆ పేరు కూడా తెలియదు. తెలిసినా, బ్యాంకు గుమ్మం అంటే జంకు. "ఇంత పెద్ద కాగితం నాకెక్కడ అర్థమవుతుందమ్మా?" అంటారు. వంద కాయల్లో రేపటికి పండేది ఏదో చిటికెలో చెప్పే మనిషి, నాలుగు పేజీల దరఖాస్తు ముందు బిక్కమొహం వేస్తుంది. మనకు ఆ కాగితం అంటే భయం లేదు. కాయ సంగతే తెలియదు.

ఆ పథకాన్ని 2030 మార్చి 31 దాకా పొడిగించారు. 2025 ఆగస్టులో తీసుకున్న నిర్ణయం ప్రకారం మొదటి విడత అప్పు 15,000 రూపాయలైంది. రెండో విడత 25,000. మూడోది 50,000. ఆధార్‌తో కలిపిన ఫోన్ నంబరు ఉండాలి, కార్పొరేషన్ ఇచ్చే గుర్తింపు కార్డో సిఫారసు లేఖో ఉండాలి. మీ వీధిలో కూరలమ్మే అమ్మకు ఈ సంగతి తెలుసో లేదో, బేరాలు కాస్త పల్చబడిన వేళ ఒకసారి అడిగి చూడండి. తెలియకపోతే చెప్పండి. వీలైతే ఆ దరఖాస్తు మీరే నింపిపెట్టండి.